ఇసుకలో కంచె – ఒరెగాన్ తీరం చెప్పే సంగతి

1966 వేసవిలో అమెరికా పడమటి తీరాన, ఒరెగాన్ రాష్ట్రంలోని కెనన్ బీచ్ అనే చిన్న ఊళ్లో ఒక హోటలు యజమాని తన హోటలు ముందున్న సముద్రపు ఇసుకకు దుంగలు అడ్డం పెట్టించాడు. మా దగ్గర గది తీసుకున్నవాళ్లే ఇక్కడ కూర్చోవాలి, తక్కినవాళ్లు లేచి పోండి అన్నాడు. తాతల నాటి నుంచీ ఆ ఇసుకలో తిరిగిన జనం నోళ్లు తెరిచారు. తీరా కాగితాలు తిరగేస్తే హోటలువాడి మాటలో పస ఉందని తేలింది.

ఎక్కడో అమెరికాలో ఇసుక గొడవ మనకెందుకు అనొచ్చు మీరు. మన ఊళ్లో పోరంబోకు చుట్టూ ఒక పెద్దమనిషి రాళ్లు పాతినప్పుడు మనకు ఎదురయ్యేదీ ఇదే ప్రశ్న. అనుభవం మనది, కాగితం వాడిది. అప్పుడు ఏం చెయ్యాలి? ఒరెగాన్ జనం చేసిందేమిటో, చెయ్యకుండా వదిలేసిందేమిటో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది.

తడి ఇసుక, పొడి ఇసుక

1913లో ఒరెగాన్ గవర్నరు ఓస్వాల్డ్ వెస్ట్ ఒక ఉపాయం పన్నాడు. సముద్రపు ఒడ్డునంతా రహదారిగా ప్రకటిస్తూ చట్టం తెచ్చాడు. అప్పటికి సరైన రోడ్లు లేవు, బళ్లు నిజంగానే ఒడ్డు వెంట ఇసుక మీద నడిచేవి. రహదారిని అమ్మడానికి వీల్లేదు గనక ఒడ్డు జనానికి మిగిలింది. అయితే ఆ చట్టం పోటు గీత దాకానే. అల వచ్చి తడిపిన ఇసుక జనానిది. దానికి పైనున్న పొడి ఇసుక మాత్రం పట్టా ఉన్నవాడిది. యాభై ఏళ్లపాటు ఈ తేడా ఎవరికీ పట్టలేదు, ఎవరూ అడ్డం పెట్టలేదు గనక. హోటలు యజమాని పట్టుకున్నది ఆ సందునే.

పొడి ఇసుక మీద కూడా జనానికి హక్కు ఉందని చెప్పే బిల్లు 1967లో శాసనసభకు వచ్చింది. ఆస్తి హక్కు మంటగలిసిపోతోందని స్థలాల ఆసాములు గోల పెట్టారు. బిల్లు కమిటీలో నలిగిపోయేట్టు కనిపించింది. ఆ కబురు పేపర్లకెక్కేసరికి ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. గవర్నరు టామ్ మెకాల్ రిపబ్లికన్ పార్టీ మనిషి, మన లెక్కలో ఎడమవైపువాడు కాడు. అయినా గాలి ఎటు వీస్తోందో కనిపెట్టాడు. మే 13న సర్వేయర్లను వెంటబెట్టుకుని హెలికాప్టరులో ఒడ్డున దిగి, జనం హద్దు ఎక్కడిదాకా ఉండాలో ఇసుక మీదే కొలిపించాడు. జూలై 6న చట్టం మీద సంతకం పడింది. మొక్కలు మొలిచే గీత దాకా ఇసుక మీద నడిచే, కూర్చునే హక్కు జనానికి దక్కింది. సుమారు 580 కిలోమీటర్ల తీరం అది.

తగాదా కోర్టుకెక్కింది. 1969లో రాష్ట్ర సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. దేని మీద ఆధారపడి చెప్పిందో గమనించండి. పట్టా చూసి కాదు, వాడుక చూసి. జనం ఎడతెగకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, తగాదా లేకుండా తరతరాలుగా వాడుకుంటూ వస్తే ఆ ఆచారమే హక్కు అవుతుందని కోర్టు ఒప్పుకుంది.

పేదవాడికీ ఒక రాత్రి

ఒడ్డున నడిచే హక్కు ఒక్కటే చాలదు. రాత్రికి తల దాచుకోడానికి చోటు లేకపోతే దూరం నుంచి వచ్చిన శ్రామిక కుటుంబం సాయంత్రానికే వెనక్కి మళ్లాలి. సముద్రం హోటలు సొమ్ము కట్టగలవాడికే మిగులుతుంది. ఆ లోటు తీర్చింది ప్రభుత్వ క్యాంపు స్థలాలు. ఒరెగాన్ తీరం పొడవునా రాష్ట్ర పార్కుల్లో ఇవి ఉన్నాయి. పక్కనే 1908లో ఏర్పడ్డ సియుస్లా జాతీయ అడవిలోనూ ఉన్నాయి. ఉండేదేమంత గొప్ప హంగు కాదు. గుడారం వేసుకోడానికి చదును చేసిన నేల, ఒక బల్ల, నిప్పు రాజేసుకోడానికి ఇనుప చట్రం, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, అంతే. రోజుకింత అని రుసుము కడితే చాలు. హోటలు గదితో పోలిస్తే అది కొద్ది సొమ్ము.

కేప్ పెర్‌పెచువా అనే కొండకొమ్ము దగ్గర ఇలాంటి చోటు ఒకటుంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన 800 అడుగుల కొండ, దాని కింద వాగు, వాగు పక్కన గుడారాలు. అక్కణ్ణించి కాస్త నడిస్తే ఐదు వందల ఏళ్లు దాటిన స్ప్రూస్ చెట్టు కనిపిస్తుంది.

ఎవరి చెమట?

ఈ దారులూ మెట్లూ ఎవరు కట్టారు? 1929 తర్వాత వచ్చిన ఆర్థిక సంక్షోభంలో పని లేక రోడ్డున పడ్డ కుర్రాళ్లు. 1933లో రూజ్వెల్ట్ సర్కారు వాళ్ల కోసం సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే పథకం పెట్టింది. నెలకు 30 డాలర్లు. అందులో 25 తిన్నగా ఇంటికి పంపాలి. 1942లో మూసేసే నాటికి ఆ పథకంలో సుమారు 30 లక్షల మంది పనిచేశారు. కేప్ పెర్‌పెచువాలో వాళ్లే మకాం వేసి కొండ మీదికి బాటలు చెక్కారు, రాతి మండపం కట్టారు, క్యాంపు స్థలం చదును చేశారు. ఉపాధి హామీ పనుల్లో మనం తవ్విన చెరువులూ వేసిన దారులూ గుర్తొస్తాయి. పేదవాడికి పని చూపిస్తే ఊరికి ఆస్తి తయారవుతుంది. పని దండగ అనేవాళ్లకు ఆ రాతి మండపం ఇవ్వాళ్టికీ జవాబు చెబుతూనే ఉంది.

అలాగని ఆ పథకాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. నల్లజాతి కుర్రాళ్లను 1935 నుంచి వేరు మకాముల్లో పెట్టారు.

అడవిలో ఆ తర్వాతి చెమట వలస కూలీలది. కంపెనీలు కొండలను బోడి చేశాక మళ్లీ మొక్కలు నాటాలి. మొక్కల సంచీ నడుముకు కట్టుకుని, నిటారు వాలుల మీద వానలో వంగి నాటే పని అది. దాన్ని గుత్తేదారుల కింద మెక్సికో నుంచి వచ్చినవాళ్లు చేశారు. వాళ్లూ, లోయలో స్ట్రాబెర్రీలు కోసే పొలం కూలీలూ కలిసి 1985లో ఉడ్‌బర్న్ పట్నంలో సంఘం పెట్టుకున్నారు. దాని పేరు పి.సి.యు.ఎన్. వాయవ్య ప్రాంత చెట్ల పనివాళ్ల, పొలం పనివాళ్ల ఐక్య సంఘం అని ఆ పేరుకు అర్థం. సముద్రం వాళ్ల పొలాలకు ఎంతో దూరం కాదు. కానీ పట్నం జనం గుడారాలు తీసుకుని ఒడ్డుకు పోయే వేసవి నెలలే వాళ్లకు కోతల కాలం. వాళ్లకూ క్యాంపు ఉంది, అది యజమాని పొలం గట్టున వేసిన కూలీల క్యాంపు. 1938 నాటి కేంద్ర చట్టం ఓవర్‌టైము కూలి నుంచి పొలం పనివాళ్లను మినహాయించింది. ఒరెగాన్‌లో ఆ అన్యాయం సరిదిద్దే చట్టం 2022లో గాని రాలేదు. అదీ మెట్లు మెట్లుగా. వారానికి 2023లో 55 గంటలు దాటితే, 2025లో 48 దాటితే, 2027 నుంచి 40 దాటితే. సెలవు లేనివాడికి సముద్రం మీద హక్కున్నా ఏం లాభం?

అంతకు ముందు ఎవరుండేవారు?

1969 తీర్పులో ఒక సంగతి రాసుంది. తెల్లవాళ్లు వచ్చేసరికే ఆదివాసులు ఆ ఒడ్డున గుల్లలు తవ్వుకుంటూ, పొడి ఇసుకలో వంట పొయ్యిలు పెట్టుకుంటూ ఉన్నారని, వచ్చినవాళ్లు ఆ అలవాటునే కొనసాగించారని కోర్టే చెప్పింది. అంటే హోటలువాణ్ణి ఓడించిన వాడుకకు మొదలు ఆదివాసుల పొయ్యి! మరి ఆ పొయ్యి పెట్టినవాళ్లేమయ్యారు?

1855లో తీరం తెగలన్నిటినీ ఒక చోట చేర్చి సుమారు 11 లక్షల ఎకరాలు మీవి అన్నారు. పదేళ్లకే, 1865లో, నడుమ ఉన్న యాక్వినా బే ప్రాంతాన్ని లాగేసుకున్నారు. 1875లో మరికొంత పోయింది. 1864లో కూస్ తెగకు చెందిన అమాండా అనే చూపులేని ముసలమ్మను సైనికులు పట్టుకుని, కన్నబిడ్డ నుంచి విడదీసి, ఈ తీరపు రాళ్ల మీద నడిపించుకుపోయారు. ఆమె పాదాలు చీలి దారంతా నెత్తురైందని వెంట ఉన్న సైనికుడొకడు డైరీలో రాసుకున్నాడు. కేప్ పెర్‌పెచువా నుంచి యాహాట్స్ ఊరికి పోయే అడవి బాటకు ఇవ్వాళ ఆమె పేరే ఉంది.

1954లో కేంద్ర సర్కారు ఆ తెగలకు గుర్తింపే రద్దు చేసింది. పోరాడి సిలెట్జ్ జనం 1977లో, కూస్, లోయర్ అంక్వా, సియుస్లా జనం 1984లో గుర్తింపు తిరిగి తెచ్చుకున్నారు. 1980లో సిలెట్జ్ జనానికి తిరిగి ఇచ్చిన భూమి సుమారు 3,600 ఎకరాలు. పదకొండు లక్షలెక్కడ, మూడువేల ఆరొందలెక్కడ? వాడుకే హక్కు అన్న న్యాయం హోటలువాడి మీద పనిచేసింది గాని సైన్యం మీద పనిచెయ్యలేదు.

ఒకే గుడారం, రెండు న్యాయాలు

అదే రాష్ట్రంలో దక్షిణాన గ్రాంట్స్ పాస్ అనే పట్నముంది. ఇల్లు లేనివాళ్లు పార్కుల్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే అక్కడి మునిసిపాలిటీ 295 డాలర్ల జరిమానా వేసింది. మళ్లీ మళ్లీ పడుకుంటే జైలు. పట్నంలో వాళ్లకు చాలినంత ఆశ్రయం లేకపోయినా సరే, ఇది క్రూరమైన శిక్ష కాదని 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తేల్చేసింది. సొమ్ము కట్టి గుడారం వేస్తే సరదా, ఇల్లు లేక వేస్తే నేరం.

క్యాంపు స్థలాలకూ వ్యాపారం సెగ తగిలింది. జాతీయ అడవుల్లో చాలా క్యాంపులను ప్రైవేటు గుత్తేదారులు నడుపుతున్నారు. 2025 ఫిబ్రవరిలో అటవీ శాఖలో వేలాది మందిని ఒక్క దెబ్బకు ఉద్యోగాల నుంచి తీసేశారు, గొడవయ్యాక కొందరిని వెనక్కి పిలిచారు. కంచె ఎప్పుడూ దుంగల రూపంలోనే రాదు. రుసుము రూపంలో, గుత్త రూపంలో కూడా వస్తుంది.

మన ఒడ్డు, మన అడవి

ఈ కథకు మన దేశంతో నిజమైన ముడి ఒకటుంది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక ప్రైవేటు హోటలు అడవి భూమిలోకి జొరబడి నది దారే మళ్లించబోయింది. ఆ కేసులో 1996 డిసెంబరులో మన సుప్రీంకోర్టు అమెరికా తీర్పులను చూపిస్తూ ఒక మాట చెప్పింది. సముద్రపు ఒడ్డు, పారే నీరు, అడవి, వీటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, అమ్ముకునే ఆసామి కాదు అని. 1991లో తీర ప్రాంత నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి ఆదివాసుల సామూహిక వాడుకను హక్కుగా ఒప్పుకుంది. కాగితం మీద మనకూ తక్కువేం లేదు. అయినా 2010 జూలైలో సోంపేట జనం బీల భూములు నిలబెట్టుకోడానికి తూటాలకు ఎదురు నిలవాల్సి వచ్చింది, ప్రాణాలు పోయాయి.

కనక కాగితం ఒకటే చాలదు. వాడుక ఒకటే చాలదు. రెంటినీ కలిపి పట్టుకునే సంఘం కావాలి. ప్రతి శాఖా మూడు పనులు చెయ్యాలి. ఊరి పోరంబోకు, మేత బీడు, సముద్రానికి పోయే బాట, అడవి దారి ఎక్కడెక్కడున్నాయో రెవెన్యూ రికార్డు నకలు తీసి ఊరందరికీ చదివి వినిపించాలి. అవి ఎప్పటి నుంచి ఎలా వాడుకుంటున్నారో ముసలివాళ్ల చేత చెప్పించి రాసి, గ్రామసభలో తీర్మానం చేయించాలి. ఒడ్డునో అడవిలోనో రిసార్టు వస్తోందంటే, వలలు ఆరేసుకునే మత్స్యకారులకూ పుల్లలేరే ఆడవాళ్లకూ అక్కడ చోటేమిటని మొదటి రోజే అడగాలి.

రాయి పాతిన రోజున అడిగితే అది ప్రశ్న. పదేళ్లాగి అడిగితే అది కేసు. ఒరెగాన్ జనం మొదటి ఏడాదే అడిగారు గనక ఇసుక దక్కించుకున్నారు. అమాండా జనం కోసం ఆనాడు అడిగేవాళ్లు లేకపోయారు. మన ఊళ్లో అడిగేవాళ్లు ఉండాలి.