అక్కడికెళ్లి అడుగు!

మార్చి నెల. పొద్దున ఎనిమిదిన్నర. ఇంటర్ పరీక్ష కేంద్రం గేటు దగ్గర, బోర్డుకి అంటించిన కాగితాల ముందు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. నాన్నలు హాల్ టికెట్ నంబరులో చివరి అంకెలు పైకి చదువుతుంటే పిల్లలు కాగితం మీద వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. దొరికింది. రూమ్ నంబర్ 14. సరే, ఆ పద్నాలుగు ఎక్కడ? వాచ్‌మన్ చెయ్యెత్తి చూపిస్తాడు. ‘‘తిన్నగా పోయి ఎడమ పక్కకి తిరుగమ్మా, అక్కడికెళ్లి అడుగు.’’

మన బడుల్లో, కాలేజీల్లో దారి చూపడానికి ఉన్న ఏర్పాటు దాదాపుగా ఇంతే. దాన్ని నేను తీసిపారేయను. అడిగితే చెప్పేవాళ్లు ఉన్నంతకాలం బాగానే నడుస్తుంది. అడగడానికి సిగ్గుపడే ఆరో తరగతి పిల్ల కొత్తగా చేరినప్పుడు, వరండాలో ఎవరూ లేనప్పుడు, గడియారం తరుముతున్నప్పుడే ఈ ఏర్పాటు చతికిలబడుతుంది. తెలంగాణలో ఇంటర్ పరీక్షలకి నిమిషం ఆలస్యమైనా రానివ్వని నిబంధన ఏళ్ల తరబడి నడిచింది. 2024 మార్చిలో గానీ అయిదు నిమిషాల వెసులుబాటు రాలేదు. కేంద్రం ఎక్కడుందో చూపే యాప్ మాత్రం అంతకు ముందే వచ్చింది. అది గేటు దాకా తెచ్చి వదిలేస్తుంది. లోపలికి ఫోన్ ఎలాగూ తీసుకెళ్లనివ్వరు.

ఇంతకీ గది ఎందుకు దొరకదు? తొమ్మిదో నంబరు పక్కన పద్నాలుగు ఎందుకు ఉంటుంది? దీనికి జవాబు గోడల్లో ఉంది. మన బడి ఒక్కసారిగా కట్టింది కాదు. ముందు ఊరి పెద్దలు చందాలేసుకుని కట్టిన పెంకుల గదులు. తర్వాత సర్వశిక్షా అభియాన్ నిధులతో రెండు ‘అదనపు తరగతి గదులు’. ఆ తర్వాత ఎవరో దాత తల్లి పేరు మీద ఇంకో రెండు. గదులు కట్టిన క్రమంలో నంబర్లు పడ్డాయి. నడిచేవాడి క్రమం ఎవరికీ గుర్తు రాలేదు. ఒక గది కూలిపోయినా దాని నంబరు ఎవరికీ ఇవ్వరు, ఇంటిపేరులా అలా ఉండిపోతుంది. ప్రతి భవనానికీ ఓ శిలాఫలకం మాత్రం తప్పదు. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరు ప్రారంభించారు, వేదిక మీద ఎవరెవరున్నారు, అన్నీ చెక్కి ఉంటాయి. లోపల ఏ తరగతి ఉందో తప్ప.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులు బాగుచేశారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ, రంగులు... ఇలా తొమ్మిది రకాల పనులు. అవసరమైనవే. దారి చూపడం ఆ తొమ్మిదిలో లేదు. రంగులేసేవాళ్లు గోడలన్నీ ఎలాగూ ఎక్కి దిగారు కదా, అదే చేత్తో నంబర్లు సరిచేయిస్తే అయిపోయేదని నాకనిపిస్తుంది. కొత్త రంగు కింద పాత నంబర్లు కూడా పోయిన బడులున్నాయి.

నంబరు ఎలా ఉండాలన్నది పెద్ద విద్యేమీ కాదు. ఆస్పత్రులు, హోటళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నదే: మొదటి అంకె అంతస్తుది, మిగిలినవి గదివి. 203 అంటే మెట్లెక్కాలని ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కంతా తెలుగులో వస్తుంది. ‘రెండంతస్తుల మేడ’ అంటే మనకి కింద ఒకటి, పైన ఒకటి. ఆ లెక్కన మేడ మీదిది రెండో అంతస్తు. ఇంగ్లిష్ అలవాటైన గుమాస్తా దాన్నే ‘ఫస్ట్ ఫ్లోర్’ అంటాడు. దాన్ని తెలుగులో పెట్టినప్పుడు ‘మొదటి అంతస్తు’ అని రాస్తాడు. తాతయ్య మనవరాలిని పట్టుకుని కిందంతా తిరిగి వస్తాడు. బోర్డు మీద ‘కింద’, ‘మేడ మీద’ అని రాస్తే పోయేదానికి ఇంత తిప్పలు! అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిల్లల పద్ధతి మళ్లీ వేరు. అక్కడ నేల మీదిదే ఫస్ట్ ఫ్లోర్.

బోర్డు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. మనం గది గుమ్మం మీద రాస్తాం. గుమ్మం ముందు నిలబడ్డవాడికి నంబరుతో పనేముంది, వాడు వచ్చేశాడు కదా! వరండా ఈ చివర నిలబడ్డవాడికి అది కనిపించదు. తలుపు రెక్క మీద రాస్తే మరీ దారుణం. తలుపు తీయగానే నంబరు గోడ వైపు తిరిగిపోతుంది. మందుల షాపు బోర్డులా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న రేకు ముక్క అయితే దూరం నుంచే రెండు వైపులా కనబడుతుంది. అంతకంటే ముఖ్యమైనది, దారి రెండుగా చీలే చోట ఒక బాణం గుర్తు. మెట్ల మొదట్లో ఒకటి. మనిషి ఆగి ఆలోచించేది అక్కడే.

గేటు దగ్గర పటం పెడతామంటారు కొందరు. పెట్టండి, కానీ ఒక్క షరతు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్విన్ లెవిన్, ఆయన సహచరులు 1984లో ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని రాసే పటాల మీద పరిశోధన ప్రచురించారు. చూసేవాడికి ఎదురుగా ఉన్నది పటంలో పై వైపున ఉండాలి, లేకపోతే ఆ పటం జనాన్ని తప్పుదారి పట్టిస్తుందని తేల్చారు. ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలన్న భూగోళం పాఠం గేటు దగ్గర చెల్లదు. గేటు తూర్పు ముఖంగా ఉన్న బడి అనుకోండి. లోపలికి నడిచేవాడు పడమర చూస్తుంటాడు. పటంలో పైన పడమరే ఉండాలి.

పిల్లలకి పటం అక్కర్లేదు కూడా. వాళ్ల బుర్రలో ఒకటుంది: బాదం చెట్టు, నీళ్ల ట్యాంకు, గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్క, హెచ్చెమ్ గది. అమెరికా నగర ప్రణాళికవేత్త కెవిన్ లించ్ 1960లో రాసిన ‘ది ఇమేజ్ ఆఫ్ ద సిటీ’లో నగరవాసులు కూడా ఇలాంటి ఆనవాళ్లతోనే ఊరిని గుర్తు పెట్టుకుంటారని చూపించాడు. ‘ఏ బ్లాక్’, ‘బీ బ్లాక్’ అని పేర్లు పెట్టడం కంటే ‘బాదం చెట్టు గదులు’ అనడం మేలు. పిల్లలు అప్పటికే అలా అంటుంటారు, బోర్డు మీదికి ఎక్కించడమే తరువాయి.

ఈ గదులు పిల్లలవి మాత్రమే కావు. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం ఓటేయడానికి వరసలు కట్టింది ఎక్కువగా బడుల్లోనే. ‘గది నం. 4’ అని గుమ్మం మీద పెయింటు, దాని కింద ‘పోలింగ్ కేంద్రం 127’ అని కాగితం ఉంటే, చీటీ పట్టుకున్న ముసలమ్మ ఏ అంకె చూడాలి? తప్పు వరసలో అరగంట నిలబడి, మళ్లీ మొదటి నుంచి మరో వరసలోకి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

చూపు లేనివాళ్లకీ దారి తెలియాలి. వాళ్ల కోసం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. మెట్రో స్టేషన్లలో పసుపు పచ్చని గరుకు పలకలు చూసే ఉంటారు. గీతలున్నవైతే నడవమని, బొడిపెలున్నవైతే ఆగమని. జపాన్‌కి చెందిన సెయిచీ మియాకే రూపొందించిన ఆ పలకలు 1967లో మొదటిసారి పరిచింది ఒకాయామాలో, అంధుల పాఠశాల పక్క వీధిలోనే. బడి దగ్గర పుట్టిన వస్తువు మెట్రో స్టేషన్ దాకా వచ్చింది గానీ మన బడి వరండాలోకి ఇంకా రాలేదు.

ఏం చేయాలని ఏ హెచ్చెమ్ అయినా అడిగితే నేను చెప్పేది ఇదీ. ఆదివారం నాడు ఆ బడి ఎప్పుడూ చూడని మనిషినొకర్ని పిలవండి. చేతికి ‘గది 14’ అని చీటీ ఇవ్వండి. వెనకాలే నడవండి, నోరు మాత్రం విప్పకండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ మెడ తిప్పి వెనక్కి చూశారో అక్కడ సుద్దతో ఒక గుర్తు పెట్టుకోండి. బోర్డులు కావలసింది అక్కడే. లెక్కపెడితే పదో పన్నెండో తేలతాయి.

చాలా బడుల్లో పిల్లలు ఈ పని ముందే చేసి ఉంటారు. మెట్ల పక్క గోడ మీద, బొగ్గుతో, వంకర అక్షరాలతో ‘టెన్త్ బి’ అని రాసి పైకి ఒక బాణం. వేసవి సెలవుల్లో సున్నం వేసేటప్పుడు మొదట చెరిపేసేది దాన్నే.