ఏడాదికి మూడిళ్ల కాపురం!

ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే చాలు... జాంబియాలోని లువాంగ్వా నది గట్లు ఉన్నట్టుండి గులాబీ రంగుకి తిరుగుతాయి. పూసింది పూలు కాదు, వాలింది పిట్టలు! వందలు, ఒక్కోచోట వేలు. ఒళ్లంతా కెంపు రంగు, నెత్తిన నీలం టోపీ, కళ్ల మీదుగా నల్లటి చార, తోక మధ్య నుంచి పొడుచుకొచ్చిన రెండు సన్నటి ఈకలు. పేరు సదరన్ కార్మైన్ బీ ఈటర్. మన పల్లెల్లో కరెంటు తీగ మీంచి గాల్లోకి ఎగిరి పురుగుని పట్టుకొచ్చే ఆకుపచ్చ పిట్ట ఉందే, దానికి దగ్గరి చుట్టమే. తేనెటీగ దొరికితే కొమ్మకేసి బాది, ముల్లు వదిలించి మరీ మింగుతుంది.

వలస పక్షులనగానే మనకి సైబీరియా చలి గుర్తొస్తుంది. ఇది మాత్రం ఆఫ్రికా దాటదు. దాని తిరుగుడంతా తిండి కోసమే! జాంబియా, జింబాబ్వే, బోట్స్వానాల్లో పిల్లల్ని పెంచుతుంది. డిసెంబరుకల్లా, ఇంకా దక్షిణంగా, వానలు పడి పురుగులు ముసిరే దక్షిణాఫ్రికా గడ్డి మైదానాలకి చేరుతుంది. అక్కడ దీని దర్జా చూడాలి... కోరి బస్టర్డ్ అనే భారీ పక్షి వీపెక్కి కూర్చుంటుంది. అది గడ్డిలో నడుస్తుంటే బెదిరి లేచే మిడతలు దీనికి ఫలహారం. అడవి అంటుకుంటే అన్ని ప్రాణులూ పారిపోతాయి, ఇది మాత్రం మంట అంచుకొచ్చి వేటాడుతుంది! మార్చి దాటాక ఉత్తరంగా, భూమధ్యరేఖ వైపు ప్రయాణం. ఆగస్టుకి మళ్లీ పుట్టింటికి.

ఆ పుట్టిల్లే కాస్త చిక్కుల్లో ఉంది. నిట్టనిలువుగా తెగిన మట్టి గట్టులో మీటరుకి పైగా సొరంగం తవ్వి గుడ్లు పెడుతుందిది. నది అడుగంటిన ఎండల్లోనే ఈ పనంతా ముగించాలి. ముందే వరదొస్తే గూళ్లు మునుగుతాయి. పోనీ వరదే రాకపోతే? గట్టు కోసుకోదు, కొత్త గోడ దొరకదు. నదికి ఆనకట్ట కడితే జరిగేది అదే. గట్టు దొరకని చోట్ల, నమీబియాలోని జాంబెజీ తీరంలో లాగా, చదును నేలలోనే బొరియలు తవ్వుకుంటుంది. అక్కడ ఉడుములకి గుడ్లు అందడం ఎంతసేపు!

లువాంగ్వా మీద ఎన్డేవు దగ్గర జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదనని జాంబియా ప్రభుత్వం 2019లో పక్కన పెట్టింది. కరెంటు కొరతున్న దేశానికి అదేమంత తేలికైన నిర్ణయం కాదు. ప్రస్తుతానికైతే ఆ నది ఏటా పొంగుతోంది, గట్లు కోస్తోంది. పిట్టలూ వస్తున్నాయి.