పలకని కీబోర్డు పాడైనట్టు కాదు

సాయంత్రం భీమునిపట్నం బీచ్‌లో ప్రోగ్రాం. మధ్యాహ్నం చూస్తే మీ అమ్మాయి కొత్త మిడి కీబోర్డు పలకదు! కంగారుపడి షాపుకి పరుగెత్తకండి. దానికి సొంత గొంతు ఉండదండీ. 1983లో వచ్చిన ఈ మిడి పద్ధతిలో తీగ మీద వెళ్ళేది స్వరం కాదు, కబురు. ఏ మెట్టు, ఎంత గట్టిగా నొక్కారో 0 నుంచి 127 దాకా అంకెల్లో చెబుతుంది, అంతే. పలికేది లాప్‌టాప్. అందులో కీబోర్డు పేరు ఎంచుకోవాలి. నొక్కాక ఆలస్యంగా పలుకుతుంటే బఫర్ తగ్గించాలి. మరీ తగ్గిస్తే పోపులో ఆవాల్లా చిటపటలు!

ఉప్పుగాలి, ఇసుక దీనికి గిట్టవు. మెత్తటి పాతచీర కప్పి పంపండి. ఒక్కోసారి చెయ్యి తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది. అన్నిటినీ ఒక్కసారే ఆపే 'పానిక్' మీట ఎక్కడుందో బయల్దేరేముందే చూసుకోమనండి.