చీటీ తీసేది చిలక... అర్థం చెప్పుకునేది మనిషి

ఇబ్రహీంపట్నం: "రామచిలకా! అయ్యగారి పేరున మంచి చీటీ తీయవమ్మా!" ఈ పిలుపు నేటి పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, యాభై దాటిన వారికి ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంటుంది. సంతలో, జాతరలో, బస్టాండు దగ్గర చెట్టు నీడన ఒక చిన్న పంజరం, ముందు పరిచిన గుడ్డ, దాని మీద వరుసగా పేర్చిన చీటీలు. పెళ్లి సంబంధం, బోరు బావి, గట్టు తగాదా, కొడుకు ఉద్యోగం... ఏది తేలకపోయినా "ఒకసారి చిలకను అడిగితే పోలే?" అనుకున్న రోజులవి.

ఇప్పుడు చిలక జోస్యులు అరుదుగా కనిపిస్తున్నారు. కానీ అడిగే అలవాటు పోలేదు. పట్నంలో అదే పని టారో కార్డుల పేరుతో సాగుతోంది. సెల్‌ఫోన్ల ద్వారా పల్లెలకూ చేరుతోంది. పేరు ఏదైనా అసలు ప్రశ్న ఒకటే. బొమ్మ ఒకటే అయినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఎలా వస్తోంది?

చీటీ వెనుక కథ

జోస్యుడు ముందు పేరు అడుగుతాడు. ఆ పేరు చిలకకు వినిపించి పంజరం తలుపు తీస్తాడు. చిలక చీటీల మీదుగా నడిచి, ముక్కుతో ఒకదాన్ని లాగి పక్కన పడేస్తుంది. దానికి ఒక గింజ అందుతుంది. తిని మళ్లీ పంజరంలోకి వెళుతుంది. చిలక నేర్చిన విద్య ఇంతే. గింజ కోసం చీటీ లాగడమే తప్ప, లాగిన చీటీలో రాముడున్నాడో శని ఉన్నాడో దానికి తెలియదు.

చాలా కట్టల్లో 27 నక్షత్రాల లెక్కన 27 చీటీలుంటాయి. ఎక్కువగా దేవుళ్ల బొమ్మలే. అన్ని మతాల వారూ వస్తారు గనుక కొన్ని కట్టల్లో ఏసుక్రీస్తు, బుద్ధుడు కూడా ఉంటారు. బొమ్మ చూపించి జోస్యుడు రాగం తీస్తూ ఫలితం చెబుతాడు. ఆ ఫలితం ఎంతవరకు బొమ్మది, ఎంతవరకు ఎదుట కూర్చున్న మనిషిది అన్నదే చూడవలసిన సంగతి.

ఏ బొమ్మకు ఏ అర్థం?

శ్రీరామ పట్టాభిషేకం వస్తే అందరి ముఖాలూ వికసిస్తాయి. నిరుద్యోగికి అది ఉద్యోగం. కోర్టుకు తిరిగే వాడికి గెలుపు. కొడుకులు దూరంగా ఉన్న తల్లికి వారు ఇంటికి రావడం. కానీ పట్టాభిషేకానికి ముందు 14 ఏళ్ల వనవాసం ఉంది. అందుకే తెలిసిన జోస్యుడు "కష్టం గడిచింది, ఇంకొంచెం ఓపిక పట్టు" అని కలుపుతాడు. పని రేపే జరిగినా, పదేళ్లకు జరిగినా చీటీ తప్పు కాదు.

అశోకవనంలో సీతమ్మ బొమ్మ వస్తే, అడిగింది పెళ్లయిన ఆడబిడ్డ అయితే అత్తవారింటి బాధ. గల్ఫ్‌కు భర్తను పంపిన ఇల్లాలికి ఎడబాటు. హనుమంతుడు ఉంగరం తెచ్చినట్టు మంచి కబురు వస్తుందని మాట ముగుస్తుంది. ఈ మాటకు కన్నీళ్లు పెట్టుకోని ఆడవారు తక్కువ. ఆ కన్నీళ్లు తెప్పించింది చీటీ కాదు, ఎవరితోనూ చెప్పుకోని బాధ.

వేంకటేశ్వరస్వామి వస్తే "మొక్కు మరిచినావు" అంటారు. తీర్చని మొక్కు ఒక్కటైనా లేని ఇల్లు ఎక్కడుంది? లక్ష్మీదేవి వస్తే ధనం. కానీ సాగర్ రోడ్డు వెంట పొలం ఉన్న రైతుకు ఇక్కడే చిక్కు. అమ్మాలనుకున్న వాడికి "అమ్మితే డబ్బు" అని వినిపిస్తుంది. ఉంచుకోవాలనుకున్న వాడికి "భూమే లక్ష్మి" అని వినిపిస్తుంది. బొమ్మ మాత్రం ఏమీ అనలేదు.

శని చీటీకి భయపడని వారుండరు. లెక్క చూస్తే భయం సగం తగ్గుతుంది. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నర ఏళ్లుంటాడు. జన్మరాశి, దాని ముందుది, వెనకది కలిపి ఏడున్నర ఏళ్లు ఏలినాటి శని. అంటే ఏ రోజు చూసినా 12 రాశుల్లో 3 రాశుల వారికి ఏలినాటి శని ఉంటుంది. నలుగురు కూర్చున్న అరుగు మీద సుమారుగా ఒకరికి ఉన్నట్టే. ఇక తగలకుండా ఎలా ఉంటుంది?

సుషేణుడిని మరవరాదు

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసిన చీటీ సంజీవి పర్వతం మోసుకొచ్చే హనుమంతుడిది. ఇంట్లో రోగి ఉన్నవారు ఈ బొమ్మ చూసి "గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ ధైర్యం మంచిదే. దానితో ఆస్పత్రికి వెళ్లడం మానితేనే ముప్పు. రామాయణంలో కూడా హనుమంతుడు తనకు తానుగా ఆకులు ఏరలేదు. ఏ మూలికలు కావాలో చెప్పింది వానర సేనలోని వైద్యుడు సుషేణుడు. హనుమంతుడి వేగానికి వైద్యుడి మాట తోడైతేనే లక్ష్మణుడు లేచాడు. ఆ బొమ్మకు సరైన అర్థం ఇదే.

బోరు సంగతీ అంతే. ఇబ్రహీంపట్నం ప్రాంతమంతా గట్టి రాతి నేల. ఇక్కడ నీరు రాతి పగుళ్లలోనే దొరుకుతుంది. గంగమ్మ చీటీ వచ్చిందని అప్పు చేసి బోరు వేసి, నీరు పడక రెండోది, మూడోది వేస్తే మునిగేది రైతే. భూగర్భ జలాలు తెలిసిన నిపుణుడికి చూపించి, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకుని వేయడమే దారి. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో, ఇక్కడ పెద్ద చెరువు తవ్వించిన వారు కూడా వాన నీరు ఎటు పారుతుందో చూసే కట్ట పోయించారు.

పట్నం కార్డులదీ అదే దారి

టారో కట్టలో 78 కార్డులుంటాయి. 22 పెద్దవి, 56 చిన్నవి. 15వ శతాబ్దంలో ఇటలీలో ఇవి మన పేకముక్కల వంటి ఆట మాత్రమే. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో వీటితో జోస్యం చెప్పడం బాగా పాకింది. ఇందులో మృత్యువు బొమ్మ ఉన్న కార్డు ఒకటుంది. అది చూసి భయపడనక్కర లేదని, పాతది పోయి కొత్తది రావడమే దాని అర్థమని చెప్పేవారు అంటారు. మనవైపు శని చీటీ తీసి "శని పోతూ పోతూ మేలు చేస్తాడు" అన్నట్టే ఉంది. సముద్రాలు దాటినా మనిషికి కావలసిన మాట ఒకటే.

పంజరంలో చిలక

చిలక సంగతి కూడా తలచుకోవాలి. రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జోస్యానికే కాదు, ముద్దుగా ఇంట్లో పెంచుకునే వారికీ ఇది వర్తిస్తుంది. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలకనే రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. భక్త రామదాసు గోల్కొండ చెరలో 12 ఏళ్లు మగ్గింది, పూర్వజన్మలో ఒక చిలకను పంజరంలో పెట్టిన పాపానికేనని మన పెద్దలు చెప్పే కథ. చట్టం కన్నా ముందే ఆ కథ పుట్టింది.

చిలకను వదిలేస్తే జోస్యుడి పొయ్యి ఆరుతుందన్నది నిజమే. ఊరూరా తిరిగి ఇదే బతుకుగా గడిపిన ముసలివారికి పింఛను, రేషను కార్డు ఇప్పించడానికి ఊరి పెద్దలు పూనుకుంటే, చిలకకూ మనిషికీ ఇద్దరికీ విడుదల దొరుకుతుంది.

అసలు విద్య వినడమే

మంచి జోస్యుడు బొమ్మ కన్నా ముందు మనిషిని చదువుతాడు. కాలి చెప్పులు, చేతి కాయలు, అడిగే గొంతులో వణుకు అతడికి చాలు. ఒక మాట వదిలి ముఖం చూస్తాడు. తగిలితే పెంచుతాడు, తగలకపోతే తిప్పుతాడు. వచ్చినవాడు తగిలిన మాట గుర్తుంచుకుని, తగలనివి మరిచిపోతాడు.

అయినా జనం ఎందుకు వెళతారు? కాసేపు ఎదుట కూర్చుని "నీ మనసులో ఒక దిగులుంది" అనేవాడు అక్కడ దొరుకుతాడు గనుక. ఆ మాట ఇంట్లో భార్యో, అన్నో, పక్కింటి పెద్దాయనో అడిగితే దక్షిణ ఇవ్వవలసిన పని లేదు. చీటీ చూసి సరదా పడినా, ధైర్యం తెచ్చుకున్నా నష్టం లేదు. పొలం అమ్మకం, పిల్ల పెళ్లి, రోగికి మందు, బోరుకు అప్పు... ఈ నాలుగూ మాత్రం చీటీకి వదలకుండా నలుగురూ కూర్చుని తేల్చుకోవలసినవి.