పిల్లల్ని చూసుకోవడం కూడా ఓ చదువే!

"మీ కోడలు అమెరికాలో ఏం చేస్తోంది వదినా?"

"ఏముంది, ఇంట్లోనే ఉంటుంది. నలుగురు పిల్లల్ని చూసుకుంటుంది."

ఈ మాటలు మనకు కొత్తేం కాదు. ఆ 'ఏముంది'లో ఎంత చాకిరీ ఉందో పిల్లల్ని పెంచిన ప్రతి తల్లికీ తెలుసు. ఒకడికి ఆకలి, ఇంకొకడికి నిద్ర, మూడోదానికి అమ్మ మీద బెంగ. పొద్దుట తలుపు తీసింది మొదలు సాయంత్రం ఆఖరి బిడ్డని తల్లి చేతికి అప్పగించేదాకా నడుం వాల్చే తీరికుండదు. అయినా ఆమెని 'బేబీ సిట్టర్' అంటారే తప్ప 'టీచర్' అనరు!

అలా అనిపించుకునే దారి అక్కడ ఒకటుంది. ఇంట్లోనే డే కేర్ నడిపే తెలుగు ఆడపడుచులు అమెరికాలో చాలామందే ఉన్నారు. మీ అమ్మాయో, కోడలో వారిలో ఉంటే ఇది వాళ్లకీ చెప్పండి.

ఏమిటీ సీడీఏ?

'చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్' అనే గుర్తింపుకి పొట్టి పేరు సీడీఏ. 1975లో దీన్ని మొదటిసారి ఇచ్చారు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని 'కౌన్సిల్ ఫర్ ప్రొఫెషనల్ రికగ్నిషన్' అనే సంస్థ ఇస్తోంది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, హైస్కూలు చదువు పూర్తయితే చాలు. ఇంట్లో పిల్లల్ని చూసుకునేవారి కోసం 'ఫ్యామిలీ చైల్డ్ కేర్' అని విడిగా ఒక విభాగమే ఉంది. పుట్టిన బిడ్డ నుంచి ఐదేళ్లవాళ్ల దాకా అందరూ ఇందులోకి వస్తారు.

అనుభవం ఉందిగా, చదువెందుకు?

"ఇద్దర్ని కని పెంచాను, నాకొకరు నేర్పాలా?" అనిపించడం సహజమే. కానీ ఒక్క మాట. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం మనకి అలవాటు. అమెరికాలో శిశువైద్యులు చెప్పేది వేరు. ఏడాదిలోపు బిడ్డని వెల్లకిలా, విడిగా పడుకోబెట్టాలి. ఉయ్యాల తొట్టెలో దిండూ, దుప్పటీ, బొమ్మా ఏవీ ఉండకూడదు. ఊపిరాడక నిద్రలోనే పిల్లలు పోతున్నారని తెలిశాక పెట్టిన నియమం ఇది.

అలాగే పుట్టగానే నాలుక మీద తేనె రాయడం. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ల పేగుల్లో పెరిగి విషం తయారుచేసే ప్రమాదముంది. అందుకే ఏడాది నిండేదాకా తేనె వద్దంటారు. గుండ్రటి ద్రాక్షపండు, వేరుశెనగ గుండు గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్షని నిలువునా కోసి పెట్టాలి.

మన ప్రేమలో లోపం లేదు. కానీ పరాయి బిడ్డ మన ఒళ్లో ఉన్నప్పుడు ప్రేమ ఒక్కటే చాలదు కదా!

ఏమేం చేయాలి?

* పిల్లల పెంపకం మీద 120 గంటల శిక్షణ తీసుకోవాలి. ఎనిమిది అంశాలుంటాయి, ఒక్కోదానికి కనీసం 10 గంటలు. రోజుకి రెండు గంటలు కేటాయిస్తే 60 రోజుల్లో అయిపోతుంది.

* మూడేళ్లలోపు 480 గంటలు పిల్లలతో పనిచేసి ఉండాలి. ఇంట్లో మీ బిడ్డ ఒక్కడే ఉంటే లెక్కకి రాదు. మీకు బంధువులు కాని, ఐదేళ్లు దాటని పిల్లలు కనీసం ఇద్దరుండాలి.

* పని వివరాలతో ఒక ఫైలు తయారుచేయాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్, పిల్లలతో చేయించే తొమ్మిది కృత్యాలు, చదివి వినిపించే పది బొమ్మల పుస్తకాల జాబితా ఇందులో ఉంటాయి. అన్నట్టు, వారం రోజుల భోజనాల పట్టిక కూడా అడుగుతారు! వంట మనకి వెన్నతో పెట్టిన విద్య కదూ?

* మీ దగ్గర పిల్లల్ని వదిలే తల్లిదండ్రుల అభిప్రాయాలు రాతపూర్వకంగా సేకరించాలి.

* ఒక నిపుణురాలు వచ్చి, మీరు పిల్లలతో ఎలా ఉంటున్నారో కళ్లారా చూస్తారు. పుస్తకం బట్టీపట్టి పరీక్ష రాస్తే సరిపోదన్నమాట.

* చివరగా కంప్యూటర్ మీద 65 ప్రశ్నల పరీక్ష. గంటా నలభై ఐదు నిమిషాల సమయం ఇస్తారు.

ఈ గుర్తింపు మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ కొంత శిక్షణ తీసుకుని పొడిగించుకోవాలి.

ఇంటికొకటి, మనిషికొకటి

చాలామంది ఇక్కడే పొరబడతారు. లైసెన్సు వేరు, సీడీఏ వేరు. లైసెన్సో రిజిస్ట్రేషనో ఇంట్లో డే కేర్ నడపడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఎంతమంది పిల్లలుండొచ్చు, ఇంట్లో ఏ జాగ్రత్తలుండాలి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సీడీఏ మాత్రం మనిషికి వచ్చే గుర్తింపు. ఇల్లు మారినా, ఊరు మారినా ఆమె వెంటే వస్తుంది. చాలా రాష్ట్రాలు తమ నిబంధనల్లో దీన్ని లెక్కలోకి తీసుకుంటాయి కూడా.

ఇంకో ముఖ్యమైన సంగతి. డబ్బు తీసుకుని పిల్లల్ని చూసుకోవడం అక్కడి చట్టం దృష్టిలో ఉద్యోగమే. భర్త హెచ్-1బీ మీద ఉండి భార్య హెచ్-4 మీద వెళితే, పని అనుమతి చేతికి రాకుండా ఈ పని చేయకూడదు. గ్రీన్ కార్డు ప్రయత్నం కొంత దూరం వెళ్లినవారి భార్యలకి ఈ అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు 2015లో వచ్చింది. పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మలూ అత్తలూ మనవణ్ని ఎత్తుకోవచ్చు గానీ, పక్కింటి బిడ్డని డబ్బుకి చూడకూడదు సుమా! తెలియక చేసినా ఇబ్బంది తప్పదు.

మరి మన దగ్గర?

ఇంట్లోనే క్రెష్ పెట్టాలనుకునేవారికి మన దగ్గరా చదువుంది. ఇంటర్ పాసైనవారి కోసం ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం శిశు సంరక్షణ, విద్యలో డిప్లొమా నడుపుతోంది. ఇంటిపట్టున ఉండి కనీసం ఏడాదిలో పూర్తిచేయొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరునెలల సర్టిఫికెట్ కోర్సు ఉండాలంది. అంటే పసిపిల్లల పని చదువుండాల్సిన పనేనని ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే.

చేతిలో ఒక కాగితం ఉన్నంత మాత్రాన ఓర్పు రాదు, నిజమే. కానీ ఉన్న ఓర్పుకి ఆ కాగితం విలువ తెస్తుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు గొంతుకి బలమిస్తుంది. ఈసారి ఎవరైనా "మీ కోడలు ఏం చేస్తోంది?" అని అడిగితే "ఏముంది" అనకండి. "టీచరమ్మా!" అని చెప్పండి.