ఆపడం, నిలిపి ఉంచడం: మెయిన్‌ఫ్రేమ్ బ్యాకప్ ఆదేశాలు - తెలుగు పరిభాష

1. ఉపోద్ఘాతం:

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలోని దత్తాంశం నష్టపోకుండా క్రమం తప్పక బ్యాకప్ ప్రతులు తీస్తారు. ఆ జాబ్‌లను నియంత్రించే ఆదేశాలలో ‘హోల్డ్’, ‘రిలీజ్’, ‘క్యాన్సిల్’ ముఖ్యమైనవి. తెలుగులో హోల్డ్‌కూ, క్యాన్సిల్‌కూ ‘ఆపు’ అనే ఒకే క్రియను వాడితే అర్థం తారుమారవుతుంది.

2. ఆదేశాల స్వభావం:

ఈ భేదానికి గూడూరు జంక్షన్ చక్కని ఉదాహరణ. విజయవాడ, చెన్నై, రేణిగుంట మార్గాలు ఇక్కడ కలుస్తాయి. ముందు మార్గం ఖాళీ లేకపోతే ప్లాట్‌ఫారంపై ఉన్న రైలును స్టార్టర్ సిగ్నల్ నిలిపి ఉంచుతుంది. రైలు రద్దు కాదు. సిగ్నల్ పడగానే బయలుదేరుతుంది. అయితే సిగ్నల్ దాటిపోయిన రైలును అదే సిగ్నల్ ఆపలేదు.

ఐ.బి.ఎం. వారి జెడ్/ఓఎస్‌లో జాబ్‌ల వరుసను నిర్వహించే జెస్2 పద్ధతి కూడా ఇటువంటిదే. వరుసలోని జాబ్‌ను హోల్డ్ చేస్తే అది వేచి ఉంటుంది. రిలీజ్ చేస్తే అమలుకు అర్హమవుతుంది. అప్పటికే నడుస్తున్న జాబ్ మాత్రం హోల్డ్ వల్ల మధ్యలో ఆగదు. దానిని క్యాన్సిల్ చేస్తే అర్ధాంతరంగా ముగుస్తుంది. అలా సగంలో మిగిలిన ప్రతిని సంపూర్ణమని భ్రమిస్తే, అసలు దత్తాంశం పోయిననాడు అది అక్కరకు రాదు.

3. ముగింపు:

కనుక హోల్డ్‌కు ‘నిలుపుదల’, రిలీజ్‌కు ‘విడుదల’, క్యాన్సిల్‌కు ‘రద్దు’ తగిన పదాలు. ‘కొనసాగింపు’ను రిలీజ్‌కు వాడరాదు. ఆగిన చోటును ముందే నమోదు చేసుకొని, అక్కడినుంచే తిరిగి సాగే జాబ్‌కే ఆ మాట చెల్లుతుంది.