కష్టకాలంలో రక్షణానందం

"రక్షణానందం" అనే మాట మన తెలుగు క్రైస్తవుల ప్రార్థనలలో తరచుగా వినబడుతుంది. ఆ మాట విన్న పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. ఇంట్లో జబ్బు, నాన్నకు పని లేదు, వీధిలో భయం. ఇటువంటప్పుడు ఆనందం ఎక్కడిది? ఇది మంచి ప్రశ్న. దీనికి పెద్దలు "విశ్వాసముంచు" అని మాత్రం చెప్పి ఊరుకోరాదు. ఆ మాటకు అర్థమేమిటో, మన పూర్వీకుల చరిత్రలో దానికి ఎటువంటి చోటు ఉన్నదో ఇక్కడ వివరిస్తాను. క్రైస్తవులు కాని మన తెలుగు సోదర సోదరీమణులు కూడా దయచేసి చదువవలెను. కష్టాలు మనందరి పెద్దలకూ కలిసే వచ్చినవి కదా.

ముందు మాట సంగతి చూద్దాము. రక్షణ అంటే కాపాడుట. క్రైస్తవుల వాడుకలో, మనిషి పాపము నుండి విడుదల పొంది, క్రీస్తు ద్వారా దేవునికి బిడ్డగా అంగీకరింపబడుట. ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. రక్షణ కూలి కాదు, దానము. ఈ భేదము తోటలలో పనిచేసిన వారి సంతతికి సులభంగా తెలుస్తుంది. నేటాలు ఒప్పందములో మొదటి సంవత్సరం కూలి నెలకు 10 షిల్లింగులు. పనికి రాని రోజుకు కోత. కూలి మన బలము మీద ఆధారపడినది. బలము పోతే అదీ పోతుంది. దానము అట్లు కాదు, అది ఇచ్చినవాని మనసు మీద ఆధారపడినది. సంతోషము మంచి రోజులతో వచ్చి వాటితోనే పోతుంది. రక్షణానందము దానము మీద నిలిచినది గనుక చెడ్డ రోజున కూడా ఉండగలదని క్రైస్తవుల నమ్మకము.

దీనికి మంచి ఉదాహరణ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఉన్నది. ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సీల అనే ఇద్దరు ఒక బానిస పిల్లను దయ్యము నుండి విడిపించారు. ఆ పిల్ల చెప్పే సోదె మీద డబ్బు సంపాదించే యజమానులకు లాభము పోయి, కోపము వచ్చింది. ఇద్దరినీ బెత్తములతో కొట్టించి, చెరసాలలో కాళ్లకు బొండ వేయించారు. మధ్యరాత్రి వారు ప్రార్థించి పాటలు పాడారు. తక్కిన ఖైదీలు వింటున్నారు. అప్పుడు భూకంపము వచ్చి తలుపులు తెరచుకొన్నవి. ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల అధికారి కత్తి దూసి తన ప్రాణము తీసుకోబోయాడు. పౌలు కేక వేసి ఆపాడు.

ఈ కథలో మూడు సంగతులు గమనించవలెను.

మొదటిది, పాట ముందు, భూకంపము తరువాత. తలుపులు తెరచుకొన్నందుకు వారు పాడలేదు. వీపు మీది గాయాలు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నవి. అందుచేత రక్షణానందము అంటే నొప్పి లేనట్లు నటించుట కాదు.

రెండవది, ఆ ఆనందము పక్కవాని ప్రాణము కాపాడినది. పాడినవారే చావబోయినవానిని ఆపారు. ఆ అధికారి అదే రాత్రి వారి గాయాలు కడిగి, ఇంటికి తీసుకొనిపోయి భోజనము పెట్టాడు. నేటాలు తోటలలో దిక్కుతోచక ప్రాణము తీసుకొన్న మనవారు ఎందరో ఉన్నారని చరిత్ర చెబుతున్నది. ఈ భాగము చదివేటప్పుడు వారిని తలచుకొనవలెను.

మూడవది, ఆనందము అన్యాయానికి తల ఒగ్గమని చెప్పలేదు. తెల్లవారి న్యాయాధిపతులు, రహస్యంగా వెళ్లిపొమ్మని కబురు పెట్టారు. రోమా పౌరులను విచారణ లేకుండా కొట్టించారు గనుక, వారే వచ్చి మమ్మును బయటికి తీసుకొనిపోవలెనని పౌలు పట్టుబట్టాడు. వారు వచ్చి బతిమాలుకొన్నారు.

ఇక మన తెలుగుదేశపు సంగతి. 1876-78లో మద్రాసు రాష్ట్రంలో ఘోరమైన కరవు వచ్చింది. ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించే పని తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. అన్నము కోసము మతము పుచ్చుకొన్నారనే మాట రాకుండా, ఆ కాలములో బాప్తిస్మములు ఆపివేశాడు. సహాయపు పని ముగిసిన తరువాతనే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో చాలామంది ఊరి వెలుపల నివసించే మాదిగలు. మీరు కూడా దేవుని బిడ్డలే అన్న మాట వారికి ఎంత గొప్పదో మనము ఊహించుకొనవచ్చును.

మన పెద్దల మొదటి ఓడ "ట్రూరో" మద్రాసు నుండి 1860 నవంబరు 16న డర్బను చేరింది. 1911 వరకు 1,52,184 మంది భారతీయులు నేటాలుకు వచ్చారు. తెలుగు బాప్తిస్టులకు తమ భాషలో బోధించేందుకు నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు 1903లో వచ్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘము స్థాపించారు. 1915లో మరణించేవరకు ఆయన ఇక్కడే సేవ చేశారు.

ఆ సంవత్సరములు సుఖమైనవి కావు. ఒప్పందము ముగిసిన తరువాత ఇక్కడే ఉండగోరినవారు ఏటా 3 పౌనులు పన్ను కట్టవలెనని 1895లో చట్టము వచ్చింది. 1903లో ఆ భారము 16 ఏండ్లు నిండిన మగపిల్లల మీద, 13 నిండిన ఆడపిల్లల మీద కూడా పడింది. క్రైస్తవుడని ఎవరికీ మినహాయింపు లేదు. 1913 సమ్మె జరిగి, 1914లో ఆ పన్ను రద్దయింది. పాట ఒక్కటే పన్నును తీసివేయలేదు, పోరాటము తీసివేసినది. అయితే పోరాడే మనిషి లోపల విరిగిపోకుండా ఉండవలెను కదా. పాట ఆ పని చేస్తుంది.

తరువాత 1950 గ్రూప్ ఏరియాస్ చట్టము వలన ఎన్నో కుటుంబాలు ఇండ్లు విడిచి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి చోట్లకు పోవలసివచ్చింది. 2021 జూలైలో జరిగిన అల్లర్లలో దేశంలో 300 మందికి పైగా చనిపోయారు. ఫీనిక్స్‌లో పొరుగువారు ఒకరినొకరు అనుమానించుకొన్నారు, ప్రాణాలు పోయినవి. 2022 ఏప్రిల్ వరదలు 400 మందికి పైగా బలిగొన్నవి. ఈ రోజులలో మన ఆనందము నిజమైనదా అని తెలుసుకొనుటకు ఫిలిప్పీ కథ మంచి కొలత. మన పాట గోడ అవతలి వానికి వినబడుతున్నదా? మన భాష, మన రంగు కాని పొరుగువాని గాయము కడుగుటకు మనము సిద్ధమా? గోడలు ఎత్తుగా కట్టుకొని లోపల పాడుకొనే పాటను రక్షణానందము అనుటకు వీలులేదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలు "ఆనందమెక్కడిది?" అని అడిగితే గద్దించవద్దు. దుఃఖమును దాచమని చెప్పవద్దు. ముందు వారితో కూర్చుని ఆ దుఃఖము వినండి. తరువాత ఇంటిల్లిపాది కలిసి ఒక తెలుగు కీర్తన పాడండి, అర్థము కూడా చెప్పండి. ఆ వారములోనే కష్టంలో ఉన్న ఒకరి ఇంటికి అన్నము తీసుకొని వెళ్లండి. ఆ పిల్లలనూ వెంట తీసుకొని పోండి.